గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తీసుకెళ్లడం ఎలా?

కడుపు విషయంలో పదిహేను చిట్కాలు

హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా మనిషి కడుపులో కాపురముంటుంది. డాక్టర్లు హెచ్ పైలోరీ అని పొట్టిగా అంటారు. ప్రపంచంలో దాదాపు సగం మందికి, మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఇది ఉంది. పరీక్ష చేసి కనిపెడితే, పధ్నాలుగు రోజుల మందులతో చాలామందిలో పోతుంది. అలా పోగొట్టుకోవడం ఎవరైనా చేస్తారు. రెండు వారాల్లో పోయేదాన్ని ఇరవై ఏళ్లు భద్రంగా కాపాడుకొని, మామూలు అజీర్తి దగ్గర బయల్దేరి క్యాన్సర్ వార్డు దాకా చేరాలంటే మాత్రం పద్ధతి తెలియాలి. దానికి డబ్బు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. కాస్త బద్ధకం, నాలుగు సాకులు, సందు చివర ఒక మందుల షాపు ఉంటే చాలు. కింది చిట్కాలు వరస తప్పకుండా పాటించండి.

1. పసితనంలోనే పునాది వేయండి

ఈ బాక్టీరియా చాలామందికి చిన్నప్పుడే అంటుకుంటుంది. ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచే వస్తుంది. నోటి నుంచి నోటికి, వాంతి ద్వారా, మలం కలిసిన నీళ్ల ద్వారా చేరుతుంది. కాబట్టి ఇంట్లో పసివాళ్లుంటే ఆలస్యం చేయకండి. అన్నం ముద్ద మీరు నమిలి, మెత్తగా చేసి, వాళ్ల నోట్లో పెట్టండి. పాలు చల్లారాయో లేదో మీ నోటితో చూసి, అదే చెంచా వాళ్లకు ఇవ్వండి. "ఎంగిలి పెడుతున్నావేంటమ్మా?" అని అత్తగారు అడిగితే, "నా బిడ్డకు నా ఎంగిలి ఏం చేస్తుంది అత్తయ్యా?" అని నోరు మూయించండి.

మరుగుదొడ్డి నుంచి వచ్చాక చేతులు అలా తడిపి తువ్వాలుకు తుడుచుకోండి. ఒక్క సబ్బు రెండు నెలలు వస్తుంది. వానాకాలంలో కుళాయి నీళ్లు రంగు మారినా కాచకండి, సిలిండరు ఖర్చు. పిల్లలకు బాక్టీరియా చేరినా చాలాసార్లు లక్షణమేదీ కనిపించదు. కనుక మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.

2. ప్రతిదానికీ గ్యాస్ అనండి

తిన్నాక కడుపు ఉబ్బరం, పుల్లని తేన్పులు, పరగడుపున మంట, రెండు ముద్దలకే పొట్ట నిండిపోవడం, అర్ధరాత్రి పై పొట్టలో నొప్పి. వీటన్నిటికీ ఒకే జవాబు సిద్ధంగా పెట్టుకోండి: "ఏం లేదు, గ్యాస్." ఈ ఒక్క మాటతో ఇంట్లోవాళ్ల ప్రశ్నలు ఆగిపోతాయి, ఆఫీసులో సెలవు దొరుకుతుంది, డాక్టరు దగ్గరికి వెళ్లే పని తప్పుతుంది.

ఎప్పటి నుంచి ఉంది, ఎన్నాళ్లకోసారి వస్తోంది, తింటే తగ్గుతోందా పెరుగుతోందా అని లెక్క పెట్టుకోకండి. లెక్క ఉంటే డాక్టరుకు రోగం దొరికిపోతుంది. నలభై అయిదు, యాభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తిని తేలిగ్గా తీసుకోవద్దని వైద్యులు చెబుతారు. మీరు "వయసు మీద పడుతోంది కదా, అరుగుదల తగ్గుతుంది" అనండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతున్నా గ్యాసే అనండి. ఇలా అని గుండెపోటును కూడా కొన్ని గంటలు దాచినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

3. నేరం మిరపకాయ మీదికి నెట్టండి

కడుపులో పుండుకు కారణం అడిగితే గుంటూరు మిరపకాయ అనండి. అది చాలకపోతే టెన్షన్ అనండి. ఈ రెండూ వినేవాళ్లకు వెంటనే నచ్చుతాయి. కారం మానేసి రెండు నెలలు చప్పిడి తిండి తింటే, వైద్యం చేయించుకున్న తృప్తి కూడా దక్కుతుంది. బాక్టీరియాకు మీ కూరలో కారం ఎంతన్నది పట్టదు, అది నిశ్చింతగా ఉంటుంది.

ఒకప్పుడు డాక్టర్లూ ఇలాగే నమ్మేవారు. ఆ నమ్మకాన్ని ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఇద్దరు చెడగొట్టారు. రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో కడుపు ముక్కల్ని మైక్రోస్కోపులో చూస్తూ, వంకర తిరిగిన క్రిముల్ని గమనించాడు. బారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనతో కలిశాడు. 1982లో ఈస్టర్ సెలవులకు, క్రిమిని పెంచడానికి పెట్టిన ప్లేట్లు అలాగే ఉండిపోవడంతో, నిదానంగా పెరిగే ఆ క్రిమి మొదటిసారి ల్యాబులో పెరిగి కనిపించింది. ఎవరూ నమ్మకపోతే, మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్ది రోజుల్లో వికారం, వాంతులు పట్టుకున్నాయి. ఎండోస్కోపీలో కడుపు పొర వాచి ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సంగతి మీ ఇంట్లో ఎవరికీ చెప్పకండి. మిరపకాయ సాకు పోతే కొత్తది వెతుక్కోవాలి.

4. వైద్యాన్ని మందుల షాపు కుర్రాడికి అప్పగించండి

డాక్టరు దగ్గర ఫీజు, క్యూ, ప్రశ్నలు. షాపులో ఏమీ ఉండవు. "తమ్ముడూ, గ్యాస్ బిళ్ల ఒక షీటు" అంటే చాలు. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి పొద్దున్నే పరగడుపున వేసుకోండి. కడుపులో ఆమ్లం తగ్గి మంట చల్లారుతుంది. బాక్టీరియా మాత్రం అలాగే ఉంటుంది. ఆమ్లాన్ని తట్టుకొనే ఏర్పాటు దానికి ముందే ఉంది. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఆమ్లాన్ని విరిచేసుకుంటుంది. తోకల్లాంటి పోగులతో ఈది, కడుపు పొర మీద ఉండే జిగురులోకి దూరిపోతుంది.

షీటు అయిపోగానే ఇంకో షీటు తెచ్చుకోండి. నెలలు కాదు, ఏళ్లు సాగించండి. ఇందులో పెద్ద లాభం ఒకటుంది. క్యాన్సర్ పుండు ఉన్నా కొన్నిసార్లు ఈ మాత్రలకు పైపైన మానినట్టు కనిపిస్తుంది, బాధ తగ్గుతుంది. మీరు హాయిగా ఉంటారు, గడ్డ లోపల పెరుగుతుంది. "ఎవరు రాసిచ్చారు?" అని ఎవరైనా అడిగితే, "మా బావగారికి రాసిచ్చిందే" అనండి.

5. వంటింటిని ఆస్పత్రి చేయండి

వాము నమలండి. జీలకర్ర నీళ్లు కాచుకోండి. ఇంగువ మజ్జిగలో కలుపుకోండి. శొంఠి పొడి వేడి అన్నంలో మొదటి ముద్దకు పెట్టుకోండి. గోలీ సోడాలో నిమ్మకాయ పిండుకోండి. ఇవన్నీ ఎప్పుడో ఒకసారి ఎక్కువ తిన్నప్పుడు సుఖమిచ్చేవే, అందుకే ఇవి మనకు పనికొస్తాయి. పెళ్లి భోజనం మర్నాటి అజీర్తికి వాడినట్టే, ఆరు నెలలుగా వదలని నొప్పికీ వీటినే వాడండి.

వారానికొక వస్తువు చొప్పున మార్చండి. వాము పనిచేయలేదని తేలేలోపు మెంతుల దగ్గరికి, మెంతులు పనిచేయలేదని తేలేలోపు కలబంద దగ్గరికి వెళ్లండి. ఫోనులో వచ్చే వీడియోలను నమ్మండి, వాటిలో రోజుకో కషాయం దొరుకుతుంది. చిట్కాల మధ్య తిరుగుతుంటే సంవత్సరం తెలియకుండా గడుస్తుంది. అంతలో ఎవరైనా డాక్టరు మాటెత్తితే, "ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, ఇంకో నలభై రోజులు ఇది చూద్దాం" అనండి. నలభై రోజులు అయ్యాక మళ్లీ అదే చెప్పండి.

6. నొప్పి మాత్రలు జేబులో ఉంచుకోండి

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, తలనొప్పికి ఐబుప్రొఫెన్, ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ డాక్టరు పొట్లంలో కట్టిచ్చిన రంగు బిళ్లలు. ఏది దొరికితే అది వేసుకోండి, అదీ ఖాళీ కడుపున. కడుపు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఈ మాత్రలు తగ్గించేస్తాయి. హెచ్ పైలోరీ ఒకవైపు, ఇవి ఒకవైపు పనిచేస్తే పుండు తొందరగా పడుతుంది, రక్తం కారే అవకాశం పెరుగుతుంది.

పొట్లంలో ఏముందని అడగకండి. అందులో స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటే రెండు రోజుల్లో ఎగిరి గంతేస్తారు, డాక్టరు హస్తవాసి మంచిదంటారు. పొలం పనులు, మిల్లు పనులు, లారీ ప్రయాణాలు చేసేవాళ్లు రోజూ పొద్దున ఒక బిళ్ల అలవాటు చేసుకుంటే ఇంకా సుళువు. గుండెకు ఆస్పిరిన్ వాడుతుంటే ఆ సంగతి కడుపు డాక్టరుకు చెప్పకండి. కడుపులో మంట సంగతి గుండె డాక్టరుకు చెప్పకండి. ఎవరి శాఖ వాళ్లది.

7. ఎండోస్కోపీ తప్పించుకొనే సాకులు కంఠస్థం చేయండి

మీ దారిలో అసలు అడ్డంకి ఇదే. గొట్టం లోపలికి వెళ్లిందంటే పుండు, వాపు, గడ్డ అన్నీ కంటికి కనిపిస్తాయి. చిన్న ముక్క తీసి బాక్టీరియా ఉందో లేదో కూడా తేల్చేస్తారు. గొంతులో స్ప్రే కొట్టి, అయిదు పది నిమిషాల్లో ముగించి, అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఇంత తేలికైన పరీక్షను తప్పించుకోవాలంటే సాకులు గట్టిగా ఉండాలి. ఈ జాబితా వాడుకోండి:

"ఇది మూఢం, మంచి రోజులు వచ్చాక చూద్దాం." "అమ్మాయి పెళ్లి అయిపోనీ." "వరి కోతలు అయిపోనీ." "మార్చి నెల, ఆఫీసులో ఆడిట్." "మా తోడల్లుడు చేయించుకుంటే మూడు రోజులు గొంతు నొప్పి." "ఏమీ లేదని తేలితే డబ్బు దండగ." "ఏదైనా ఉందని తేలితే భయం."

చివరి రెండూ కలిపి వాడితే తిరుగులేదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారని ఎవరైనా గుర్తుచేస్తే, "అక్కడ లైన్లు" అనండి. ప్రైవేటు ఆస్పత్రి పేరు చెబితే, "అక్కడ దోపిడీ" అనండి. రెండు తలుపులూ మూసేశాక నింపాదిగా సోఫాలో కూర్చోండి.

8. పరీక్ష తప్పకపోతే, పరీక్షనే ఏమార్చండి

ఇంట్లోవాళ్లు మరీ పట్టుబడితే ఎండోస్కోపీ లేకుండానే బాక్టీరియాను పట్టే పరీక్షలున్నాయి. ఒకటి యూరియా బ్రెత్ టెస్ట్: మందు మింగి సంచిలోకి ఊదడం. రెండోది మల పరీక్ష. రెండూ నమ్మదగినవే, అందుకే ముందు జాగ్రత్త అవసరం. గ్యాస్ బిళ్లలు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు ఆపేసి రమ్మంటారు. మీరు పరీక్ష రోజు పొద్దున దాకా బిళ్ల వేసుకొని వెళ్లండి. బాక్టీరియా తాత్కాలికంగా అణిగి ఉంటుంది, రిపోర్టు నెగటివ్ రావచ్చు. ఆ కాగితం ఫ్రేమ్ కట్టించినంత పదిలంగా దాచి, అయిదేళ్లు అందరికీ చూపించండి.

ఇంకో మార్గం కూడా ఉంది. వైద్యం అయ్యాక రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష చేయించుకోండి. బాక్టీరియా చచ్చిపోయినా యాంటీబాడీలు నెలల తరబడి, ఏళ్ల తరబడి కనిపిస్తాయి. పోయిందో ఉందో ఆ పరీక్ష చెప్పలేదు. "మందులు వాడినా పాజిటివే, ఈ వైద్యం అంతా మోసం" అని ఊరంతా ప్రచారం చేయొచ్చు.

9. కోర్సును అయిదో రోజు ఆపేయండి

పొరపాటున వైద్యం మొదలైందనుకోండి. ఆమ్లం తగ్గించే మాత్ర, రెండు రకాల యాంటీబయాటిక్స్, చాలాసార్లు వాటితో పాటు బిస్మత్, మొత్తం పధ్నాలుగు రోజులు. రోజుకు బోలెడు బిళ్లలు. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. కడుపులో తిప్పుతుంది. బిస్మత్ వల్ల మలం నల్లగా వస్తుంది. ఆపడానికి ఇంతకన్నా మంచి కారణాలు దొరకవు.

అయిదో రోజుకు మంట తగ్గుతుంది. అప్పుడే ఆపేయండి. మిగిలిన బిళ్లలు డబ్బాలో దాచి, ఈసారి జలుబు చేసినప్పుడు వాడండి. లేదా, "నీకూ కడుపునొప్పే కదా వదినా" అని పక్కింటావిడకు పంచండి. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మందు తాగొద్దంటారు. ఆదివారం వస్తే బిళ్ల మానండి, సీసా మానకండి. ఇలా సగంలో ఆపిన కోర్సు బాక్టీరియాను చంపదు, రాటుదేలుస్తుంది. మన దేశంలో మెట్రోనిడజోల్‌కు, క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్ పైలోరీ ఇప్పటికే చాలా ఉంది. మీ వంతు కలపండి. తర్వాత వచ్చే రోగికి పనిచేసే మందు ఒకటి తగ్గుతుంది.

10. పోయిందో లేదో మళ్లీ చూడకండి

కోర్సు పూర్తిచేసిన బుద్ధిమంతులకు కూడా ఇంకో అవకాశం ఉంది. మందులు అయిపోయిన నాలుగు వారాల తర్వాత మళ్లీ బ్రెత్ టెస్టో మల పరీక్షో చేయించి, బాక్టీరియా పోయిందని నిర్ధారించుకోమంటారు. ఆ చీటీని పర్సులో మడిచి పెట్టి మరచిపోండి. నొప్పి లేకపోతే రోగం లేనట్టే అని నమ్మండి.

మొదటి కోర్సు అందరిలోనూ ఫలించదు. ఫలించనివాళ్లకు వేరే మందుల కలయిక ఇస్తారు. మీరు ఏ గుంపులో ఉన్నారో తెలియకుండా ఉండటమే మనకు కావలసింది. డాక్టరు ఫోను చేయిస్తే, "ఊళ్లో లేనండి" అనండి. మళ్లీ మంట మొదలైతే పాత చీటీలోని పాత యాంటీబయాటిక్కే షాపులో కొనుక్కోండి. ఒకసారి ఓడిపోయిన మందుతో రెండోసారి గెలవడం ఎంత అరుదో డాక్టర్లకు తెలుసు, మీరు తెలుసుకోనక్కర్లేదు.

11. ఉప్పు, పొగ తగ్గించకండి

బాక్టీరియా ఒక్కదానికే పని అప్పగించకండి, సాయం చేయండి. మితిమీరిన ఉప్పు కడుపు పొరను దెబ్బతీసి దాని పని సుళువు చేస్తుంది. అన్నంలో ఊరగాయ కలుపుకోవడమే కాదు, ఊరగాయలో అన్నం కలుపుకోండి. పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు, పప్పులోకి వడియాలు, రాత్రికి ఉప్పు చేప. ఆకుకూరలు, పళ్లు మేకలకు వదిలేయండి.

బీడీ, సిగరెట్ మానకండి. పొగతాగేవాళ్లకు కడుపు క్యాన్సర్ ముప్పు ఎక్కువని తేలి చాలా కాలమైంది. మన దేశంలో కడుపు క్యాన్సర్ అత్యధికంగా ఉన్నది మిజోరంలో. అక్కడ పొగబెట్టిన మాంసం, విపరీతంగా పొగాకు, పొగాకు పొగను నీళ్లలో పట్టి చేసే 'తుయిబుర్' అనే ద్రవం వాడకం ఉన్నాయి. ఆ అలవాట్లకూ ఈ జబ్బుకూ సంబంధాన్ని పరిశోధకులు చూపించారు. అంత దూరం వెళ్లే పని లేదు, మనకు ఖైనీ, గుట్కా, చుట్ట అన్నీ కిళ్లీకొట్లోనే దొరుకుతాయి.

12. ఇంటి చరిత్రను మూసిపెట్టండి

తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే మిగిలినవాళ్లకు ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అందుకే డాక్టరు మొదట ఆ ప్రశ్నే అడుగుతాడు. "మా నాన్న ఎలా పోయాడో సరిగ్గా తెలియదు సార్, ఏదో కడుపునొప్పి" అనండి. ఇంట్లో కూడా ఆ జబ్బు పేరు ఎత్తకండి. సంబంధాలు చెడిపోతాయి, పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి అని గుసగుసగా చెప్పి అందరి నోరూ కట్టేయండి.

దక్షిణ కొరియాలో ఇలాంటి కుటుంబాల వాళ్ల మీద జరిగిన పరిశోధన 2020లో వెలువడింది. హెచ్ పైలోరీకి వైద్యం ఇచ్చినవాళ్లలో 1.2 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 2.7 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. అంటే ఒక చిన్న వైద్యంతో ముప్పు సగానికి పైగా తగ్గింది. ఈ అంకెలు మీ తమ్ముడికి తెలిస్తే పరీక్షకు పరుగెత్తుతాడు. చెప్పకండి.

13. ప్రమాద సూచనలకు మంచి పేర్లు పెట్టండి

దారిలో ఎర్రజెండాలు వస్తాయి. ప్రతిదానికీ ఒక సమాధానం ముందే అనుకోండి.

ప్రయత్నించకుండానే ఎనిమిది కిలోలు తగ్గారా? "సన్నబడ్డాను, షుగరు రాదు" అని మురిసిపోండి. మలం తారులా నల్లగా, జిగటగా వస్తోందా? అది లోపల కారిన రక్తం. మీరు "నిన్న తిన్న గోంగూర" అనండి. మనిషి పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసమా? రక్తహీనతకు కారణం వెతక్కుండా ఐరన్ టానిక్ తాగండి. నాలుగు ముద్దలకే చాలనిపిస్తోందా? "మితాహారం" అనండి. ముద్ద దిగడం లేదా? జావ తాగండి. తిన్నదంతా సాయంత్రానికి వాంతి అవుతోందా? దిష్టి తీయించండి. ఎడమ మెడ ఎముక పైన గడ్డ తగులుతోందా? కండువా కప్పుకోండి.

"ఏమండీ, బట్టలు వదులవుతున్నాయి, ఒకసారి చూపించుకుందాం" అని ఇల్లాలు అంటే, టైలరు దగ్గరికి వెళ్లండి.

14. బయాప్సీ రిపోర్టును బీరువాలో పెట్టండి

క్యాన్సర్ ఒక్క రోజులో రాదు. మొదట కడుపు పొరకు ఎడతెగని వాపు. తర్వాత పొర పలచబడి గ్రంథులు నశించడం. తర్వాత కడుపు పొర పేగు పొరలా మారడం. ఆపైన కణాల తీరు చెడటం. చివరికి క్యాన్సర్. ఈ మెట్లను వరసగా చూపించింది కొలంబియాలో పుట్టిన పెలాయో కొరియా అనే పాథాలజిస్టు. ఒక్కో మెట్టుకు ఏళ్లు పడుతుంది. అంటే మిమ్మల్ని ఆపడానికి డాక్టరుకు ఎన్నో అవకాశాలు దొరుకుతాయి. అవి ఇవ్వకండి.

రిపోర్టులో 'అట్రోఫీ' (గ్రంథులు నశించడం) అని, 'ఇంటెస్టినల్ మెటాప్లాసియా' (పేగు పొరలా మారడం) అని ఉంటే చివరి వాక్యం దాకా వెళ్లకండి. "క్యాన్సర్ లేదు" అన్న ముక్క ఒక్కటి చదివి, మిఠాయి పంచి, కాగితాన్ని పట్టుచీరల కింద పెట్టండి. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాసిన తేదీ అక్కడే పసుపుపచ్చబడనివ్వండి. దక్షిణ కొరియాలో నలభై దాటినవాళ్లకు రెండేళ్లకోసారి ప్రభుత్వమే కడుపు పరీక్ష చేయిస్తుంది. జపాన్‌లో 2013 నుంచి హెచ్ పైలోరీ వల్ల వచ్చే కడుపు వాపు వైద్యానికి బీమా వర్తిస్తోంది. అక్కడ చాలామంది క్యాన్సర్ ముదరకముందే దొరికిపోతారు. మన ఊళ్లో ఎవరూ పిలవరు, మీరు ఇంట్లోనే కూర్చోవచ్చు.

15. "అందరికీ ఉంది కదా" అనండి

ఇదే మీ చివరి ఆయుధం. హెచ్ పైలోరీ ఉన్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది నూటికి ఒకరి నుంచి ముగ్గురికే. మన దేశంలో బాక్టీరియా ఎక్కువైనా జపాన్‌తో పోలిస్తే ఈ క్యాన్సర్ తక్కువ. ఈ రెండు నిజాలనూ గట్టిగా చెప్పి, మిగతావి మింగేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే ఈ బాక్టీరియాను మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చిందని చెప్పకండి. జపాన్‌లో 1,526 మందిని సగటున దాదాపు ఎనిమిదేళ్లు గమనిస్తే, బాక్టీరియా ఉన్న 1,246 మందిలో 36 మందికి కడుపు క్యాన్సర్ వచ్చిందని, లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదని చెప్పకండి. 2022లో ప్రపంచంలో సుమారు 9 లక్షల 68 వేల మందికి కడుపు క్యాన్సర్ వచ్చిందని, 6 లక్షల 60 వేల మంది దానితో పోయారని అసలే చెప్పకండి. ఆ ఒకరిద్దరిలో మీరుండరని తీర్మానించుకోండి. అలా తీర్మానించుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

ఫలితం

పదిహేనూ పాటిస్తే ఫలితం గట్టిది. కడుపు లోపలి పొరల్లో ఉండగానే దొరికిన క్యాన్సర్‌ను కొన్నిసార్లు ఎండోస్కోపీ గొట్టంతోనే తీసేస్తారు. జపాన్‌లో అలా తొలిదశలో దొరికినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. మీరు ఆ దశను దాటేసి ఉంటారు. జబ్బు కాలేయానికో, పొత్తికడుపు పొరకో పాకాక వచ్చేవాళ్లలో అయిదేళ్లు ఉండేది నూటికి పదిమంది లోపే. మధ్యలో పట్టుబడితే కడుపు కొంతో మొత్తమో కోసేస్తారు. తర్వాత పిడికెడు చొప్పున రోజుకు ఆరుసార్లు తినాలి. మొత్తం తీసేస్తే జీవితాంతం బి12 ఇంజెక్షన్లు వేయించుకోవాలి. ఎండోస్కోపీకి దండగనుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు, పొలం అమ్మి కట్టాలి.

ఈ ఫలితం వద్దనుకునేవాళ్లు చేయాల్సింది కొంచెమే. అజీర్తి వారాల తరబడి వదలకపోతే డాక్టరును కలిసి హెచ్ పైలోరీ పరీక్ష అడగండి. ఉందంటే పధ్నాలుగు రోజుల కోర్సు ఒక్క పూట మానకుండా వాడండి, నెల తర్వాత పోయిందో లేదో చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు మొదటే చెప్పండి. బరువు తగ్గుతున్నా, మలం నల్లబడినా, ముద్ద దిగకపోయినా ఈ వారంలోనే ఎండోస్కోపీ చేయించుకోండి. క్యాన్సర్ వైద్యం తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉంది. కానీ అంతదాకా రానివ్వకండి.